పాతికేళ్ల గ్యాస్ ఫైర్‌ప్లేస్: బాగు చేయించాలా, మార్చేయాలా?

ప్రశ్న: మేము షికాగో దగ్గర నేపర్‌విల్‌లో ఉంటాం. 1998లో కట్టిన ఇల్లు, మూడేళ్ల కిందట కొన్నాం. ఫ్యామిలీ రూమ్‌లో ఉన్న గ్యాస్ ఫైర్‌ప్లేస్ ఇల్లు కట్టినప్పటిదే. ముందు గాజు బిగించి ఉంటుంది. పొగ పోవడానికి పక్క గోడకి బయట డబ్బా లాంటిది ఉంది. ఈ మధ్య గోడ స్విచ్ వేస్తే ఒకసారి మంట వస్తుంది, ఒకసారి రాదు. లోపల ఎప్పుడూ వెలిగే చిన్న పైలట్ మంట కూడా అప్పుడప్పుడు ఆరిపోతోంది. పోయిన చలికాలం మా వారు గాజు తీసి, లోపలి కట్టెలు కూడా తీసి తుడిచి పెట్టారు. అప్పటి నుంచి గాజుకి ఎడమ పక్క నల్లగా మసి పడుతోంది. ఒక టెక్నీషియన్ "థర్మోపైల్ మారిస్తే చాలు, 280 డాలర్లు" అన్నారు. ఇంకో కంపెనీ వాళ్లు "పాతికేళ్లు దాటింది, తీసేయండి" అని కొత్తదానికి 7,800 డాలర్ల కోట్ ఇచ్చారు. మా వారేమో గ్యాస్ గొడవే వద్దు, ఎలక్ట్రిక్ పెట్టేద్దాం అంటున్నారు. నవంబర్‌లో మా అత్తయ్యగారు, మామయ్యగారు గుంటూరు నుంచి వస్తున్నారు. మామయ్యగారు చలికి అస్సలు ఓర్చుకోలేరు. మా బాబుకి ఏడాదిన్నర. ఏం చేయాలో తేలక టెన్షన్‌గా ఉంది.
ఒక పాఠకురాలు, నేపర్‌విల్, ఇల్లినాయ్

సమాధానం: అమ్మా, 7,800 డాలర్ల సంగతి తరువాత చూద్దాం. ముందు ఆ మసి ఎందుకు పడుతోందో తేలేదాకా ఫైర్‌ప్లేస్ వెలిగించకండి. పైలట్ కూడా ఆపేసి ఉంచండి. మీ ఉత్తరంలో మీరు అన్నిటికన్నా తేలిగ్గా చెప్పిన విషయం అదే, నన్ను అన్నిటికన్నా కంగారు పెట్టిందీ అదే.

గ్యాస్ పూర్తిగా కాలితే మిగిలేది కార్బన్ డయాక్సైడ్, నీటి ఆవిరి. మసి పడుతోందంటే గ్యాస్ సగం సగంగా కాలుతోందని అర్థం. అలా కాలినప్పుడు మసితో పాటు కార్బన్ మోనాక్సైడ్ కూడా పుడుతుంది. దానికి రంగు ఉండదు, వాసన ఉండదు. మీ ఫైర్‌ప్లేస్‌లో ఆ పొగంతా గొట్టం గుండా బయటికే పోవాలి. గాజు చుట్టూ ఉండే సీలు గట్టిగా అతుక్కుని ఉన్నంత కాలం పోతుంది కూడా. కానీ ఒకసారి గాజు తీసి మళ్లీ పెట్టారు కాబట్టి ఆ సీలు సరిగ్గా కూర్చుందో లేదో చూడాలి. పాతికేళ్ల సీలు గట్టిపడి, పొడిపొడిగా రాలిపోతూ ఉండవచ్చు.

మసికి నాకు ఎక్కువ అనుమానం మాత్రం కట్టెల మీదే. అవి కాలే కట్టెలు కావు, చూడ్డానికి అలంకారంలా ఉంటాయి కానీ ఇష్టమొచ్చినట్టు పేర్చడానికి వీల్లేదు. ఒక్కో కట్టెకి కింద ఒక మేకో, గాడో ఉంటుంది, అది అక్కడే కూర్చోవాలి. ఓ అంగుళం జరిగి మంట నేరుగా కట్టెకి తగిలితే, అక్కడ మంట చల్లబడి గ్యాస్ కాలడం సగంలోనే ఆగిపోతుంది, గాజు నల్లబడుతుంది. తుడిచి పెట్టినప్పటి నుంచే మసి మొదలైందని, అదీ ఒక్క ఎడమ పక్కనే అని మీరే రాశారు. చాలావరకు అదే కారణం అయి ఉంటుంది. కింది జాలీ తలుపు తెరిస్తే లోపల ఒక రేకు పలక కనిపిస్తుంది. కొన్నిటిలో అది గొలుసుకి వేలాడుతూ ఉంటుంది. దాని మీద మోడల్ నంబరు, తయారు చేసిన కంపెనీ పేరు, ఏ గ్యాస్, గంటకి ఎన్ని బీటీయూలు (వేడిని కొలిచే లెక్క) అన్నీ ఉంటాయి. ఫోటో తీసి పెట్టుకోండి. ఆ నంబరుతో వెతికితే పాత మోడళ్లకి కూడా చాలాసార్లు మాన్యువల్ దొరుకుతుంది, అందులో ఏ కట్టె ఎక్కడ పెట్టాలో బొమ్మ ఉంటుంది. అదే నంబరుతో అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్, అంటే సీపీఎస్‌సీ, వెబ్‌సైట్‌లో రీకాల్ ఏమైనా ఉందేమో కూడా చూడండి.

మంట పసుపు రంగులో ఉంటే మాత్రం భయపడకండి. వంటింటి స్టవ్ మీద నీలం మంట ఉండాలి, పసుపు వస్తే తప్పు. ఫైర్‌ప్లేస్‌లో అలా కాదు. కట్టెల మంటలా కనిపించడానికి పసుపు మంట వచ్చేట్టే తయారు చేస్తారు. ఇక్కడ చూడాల్సింది మసి.

ఇక స్విచ్ సంగతి. ఆ కాలపు ఫైర్‌ప్లేస్ గోడ స్విచ్‌కి ఇంటి కరెంటుతో సంబంధం ఉండదు. పైలట్ మంట వేడికి థర్మోపైల్ అనే చిన్న కడ్డీ తనే కాస్త విద్యుత్తు పుట్టిస్తుంది. కొత్తగా ఉన్నప్పుడే అది ముప్పావు వోల్టుకి మించదు. ఆ కొద్దిపాటి విద్యుత్తు స్విచ్ దాకా వెళ్లి తిరిగొచ్చి గ్యాస్ వాల్వ్‌ని తెరవాలి. కడ్డీ ముసలిదైనా, తీగ వదులైనా, స్విచ్ లోపల తుప్పు పట్టినా మీరు చెప్పినట్టే ఒకసారి వస్తుంది, ఒకసారి రాదు. థర్మోపైల్ మారిస్తే చాలన్న మొదటి టెక్నీషియన్ మాట నమ్మదగ్గదే. అయితే ఆయన మీటరు పెట్టి కొలిచి చెప్పారా, చూసి చెప్పారా? పైలట్ ఒక్కటే వెలుగుతున్నప్పుడు ఎన్ని మిల్లీవోల్టులు, పెద్ద మంట వెలిగాక ఎన్ని అని అడగండి. పైలట్ మీదే 325 కంటే తక్కువ వస్తుంటే థర్మోపైల్ పని అయిపోయిందనుకోవచ్చు. 500 పైన వస్తూ కూడా మంట రాకపోతే తప్పు తీగలోనో స్విచ్‌లోనో వాల్వ్‌లోనో ఉంది, 280 పెట్టి కడ్డీ మార్చినా సమస్య అలాగే ఉంటుంది. మీ వారికి ఇంటి పనులు సొంతంగా చేసే అలవాటు ఉన్నట్టుంది కాబట్టి ఒక మాట: ఆ స్విచ్ మార్చాలనుకుంటే పక్కనున్న లైటు తీగలతో మాత్రం ఎప్పుడూ కలపకూడదు. 120 వోల్టులు తగిలితే వాల్వ్ అక్కడికక్కడే కాలిపోతుంది.

పైలట్ ఆరిపోవడానికి థర్మోకపుల్ అనే ఇంకో చిన్న భాగం బలహీనపడటం ఒక కారణం. పైలట్ రంధ్రంలో దుమ్మో సాలెగూడో చేరడం ఇంకో కారణం. గ్యాస్‌లో వాసన కోసం కలిపే మందుకి సాలీళ్లు వస్తాయని ఈ పని చేసేవాళ్లు అంటుంటారు, వేసవి దాటాక మొదటి సర్వీసులో గూళ్లు తీయడం మామూలే. పైలట్ ఆరితే గ్యాస్ ఇల్లంతా నిండిపోతుందేమోనని భయం అక్కర్లేదు. మంట ఆరి థర్మోకపుల్ చల్లబడగానే వాల్వ్ దానంతటదే మూసుకుంటుంది.

ఇప్పుడు రెండో కంపెనీ మాట. పాతికేళ్లు దాటిందన్నది నిజమే, కానీ వయసు ఒక్కటే తీసేయడానికి కారణం కాదు. నేనైతే ఫైర్‌ప్లేస్‌ని రెండు భాగాలుగా చూస్తాను. పైలట్, థర్మోపైల్, వాల్వ్, స్విచ్, సీలు, ఇవన్నీ అరిగిపోయే సామాన్లు. అరిగితే మార్చుకుంటాం, అందులో వింతేమీ లేదు. మంటని పట్టి ఉంచే ఇనుప పెట్టె, అదే ఫైర్‌బాక్స్, పొగని బయటికి తీసుకెళ్లే గొట్టం వేరు. ఆ పెట్టెకి పగులు వచ్చినా, తుప్పుకి చిల్లు పడినా, వేడికి వంగి గాజు చట్రం సరిగ్గా కూర్చోకపోయినా ఇక బేరం లేదు, మార్చేయాల్సిందే. వెల్డింగ్ చేయిస్తామని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. వాల్వ్ పోయి, సరిపడే వాల్వ్ ఎక్కడా దొరకకపోతే అప్పుడు కూడా మార్చడమే మంచిది. 7,800 కోట్ ఇచ్చిన వాళ్లకి ఫోన్ చేసి, ఫైర్‌బాక్స్‌లో పగులు గానీ చిల్లు గానీ చూశారా, చూస్తే ఫోటో పంపమని అడగండి. ఫోటో వస్తే వాళ్ల మాట వినండి. "పాతది కదండీ" అన్న జవాబే వస్తే ఆ కోట్ మీద సంతకం పెట్టకండి.

మీ దగ్గర ఉన్నది డైరెక్ట్ వెంట్ రకం. గొట్టంలో గొట్టం ఉంటుంది. బయటి దాంట్లోంచి బయటి గాలి లోపలికి వస్తుంది, లోపలి దాంట్లోంచి పొగ బయటికి పోతుంది. గది గాలితో దానికి పని లేదు. ఇదే ఉత్తరం బీ వెంట్ రకం ఉన్న ఇంటి నుంచి వచ్చి ఉంటే నా సమాధానం వేరేగా ఉండేది. ఆ రకం మంటకి గది గాలినే వాడుకుని, పొగని ఒకే గొట్టంలో పై కప్పుకి పంపుతుంది. మన ఇళ్లలో తాలింపు ఘాటుకి, చేపల పులుసు వాసనకి పెద్ద పెద్ద చిమ్నీ ఫ్యాన్లు పెట్టించుకుంటున్నాం. అంత గాలిని బయటికి లాగేస్తే, కిటికీలన్నీ బిగించి ఉన్న ఇంట్లోకి మళ్లీ గాలి ఎక్కడి నుంచి రావాలి? ఆ ఫైర్‌ప్లేస్ గొట్టంలోంచి వస్తుంది, పొగని వెనక్కి తీసుకుని వస్తుంది. ఆ రకం ఉన్నవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, వంటింటి ఫ్యాను, బాత్‌రూమ్ ఫ్యాన్లు, బట్టల డ్రయ్యర్ అన్నీ నడుస్తుండగా పొగ వెనక్కి వస్తోందేమో టెక్నీషియన్ చేత పరీక్ష చేయించండి. వెనక్కి వస్తుంటే, బాగానే పనిచేస్తున్నా సరే, దాన్ని తీసి డైరెక్ట్ వెంట్ పెట్టించమంటాను. గొట్టమే లేని వెంట్-ఫ్రీ రకాన్ని పసిపిల్లలు, ముసలివాళ్లు ఉన్న ఇంటికి నేను ఎప్పుడూ సిఫారసు చేయను. కాలిఫోర్నియాలో ఇళ్లలో వాటిని అనుమతించరు.

డబ్బు లెక్కకొద్దాం. థర్మోపైల్, పైలట్ శుభ్రం, సీలు, కట్టెల సర్దుబాటు అన్నీ కలిపి మామూలుగా 300 నుంచి 500 డాలర్లలో అయిపోవాలి. వాల్వ్ కూడా మార్చాల్సి వస్తే ఇంకో నాలుగైదు వందలు. కొత్తది పెట్టిస్తే గ్యాస్ బిల్లు తగ్గి డబ్బు వెనక్కి వస్తుందని చెప్తే నమ్మకండి. ఎప్పుడూ వెలిగే పైలట్ నెలకి సుమారు 6 థెర్ములు (గ్యాస్ బిల్లులో వాడే కొలత) తాగుతుంది. థెర్ము డాలరున్నర అనుకున్నా నెలకి 9 డాలర్లు, అక్టోబర్ నుంచి ఏప్రిల్ దాకా ఉంచితే ఏడాదికి 63. కొత్తవాటిలో పైలట్ అవసరమైనప్పుడే వెలుగుతుంది కాబట్టి ఆ ఖర్చు తప్పుతుంది, నిజమే. కానీ ఆ 63 డాలర్లతో 7,800 ఎన్నేళ్లకి తీరుతుందో చూడండి. మే నెలలో పైలట్ ఆపేసి చలి మొదలయ్యాక వెలిగించుకుంటే వేసవి గ్యాస్ మీకు ఇప్పుడే మిగులుతుంది.

నిజంగా మార్చాల్సి వస్తే కోట్‌లో ఏమేం కలిసి ఉన్నాయో రాతపూర్వకంగా తీసుకోండి. చాలామంది ఇక్కడే ఇబ్బంది పడతారు. కొత్త ఫైర్‌ప్లేస్‌కి ఏ గొట్టం వాడాలో దాని తయారీదారే చెప్తారు, పాత గొట్టానికి తగిలించేస్తామంటే కుదరదు. కొత్తదాని కొలతలు పాత గూట్లో సరిగ్గా పట్టకపోతే చుట్టూ ఉన్న మార్బుల్, గోడ పగలగొట్టాలి. అది తిరిగి అతికించే ఖర్చు కోట్‌లో ఉందా? సిటీ పర్మిట్ ఎవరు తీసుకుంటారు? గ్యాస్ కనెక్షన్, బయటి డబ్బా, పాతది తీసుకెళ్లడం ఇవన్నీ ఉన్నాయా? పైన టీవీ ఉంటే కొత్తదాని వేడి దానికి తగులుతుందేమో కూడా అడగండి. వేడి కోసమే కొంటున్నారు కాబట్టి రేటింగ్ పలక మీద హీటర్ అని ఉన్నదే తీసుకోండి, అలంకారానికి మాత్రమే అన్నది వద్దు.

ఎలక్ట్రిక్ గురించి మీ వారి ఆలోచనలో న్యాయం ఉంది. పొగ లేదు, గ్యాస్ లేదు, పెట్టించే ఖర్చు చాలా తక్కువ. కానీ మామూలు ప్లగ్‌కి పెట్టే ఎలక్ట్రిక్ ఫైర్‌ప్లేస్ 1,500 వాట్లే, అంటే గంటకి 5,100 బీటీయూలు. మీ రేకు పలక మీద 20 వేలో 30 వేలో ఉండవచ్చు. కొంత వేడి గొట్టంలో పోయినా గదికి చేరేది ఎలక్ట్రిక్ ఇచ్చేదానికి రెండు మూడు రెట్లు. పైగా కరెంటు పోతే అది కూడా పోతుంది. ఇల్లంతా వేడి చేసే ఫర్నేస్‌కి కూడా ఫ్యాను తిరగడానికి కరెంటు కావాలి. మీ పాత ఫైర్‌ప్లేస్‌కి అక్కర్లేదు, తన పైలట్ వేడితోనే పనిచేస్తుంది. 2019 జనవరి 30న షికాగోలో మైనస్ 23 ఫారెన్‌హీట్, అంటే సెల్సియస్‌లో దాదాపు మైనస్ 31, పడింది. అలాంటి రాత్రి కరెంటు పోతే ఇంట్లో పెద్దవాళ్లని కూర్చోబెట్టడానికి ఒక వెచ్చని గది ఉండటం చిన్న విషయం కాదు. నేను దాన్ని బాగు చేయించుకోమని చెప్పడానికి పెద్ద కారణం ఇదే. కొత్తది కొన్నా, కరెంటు లేనప్పుడు బ్యాటరీతో వెలిగే ఏర్పాటు ఉన్నది ఎంచుకోండి.

ఇప్పుడు బాబు సంగతి. మీరు ఉత్తరం చివర ఒక్క ముక్కలో రాశారు గానీ నా దృష్టిలో ఖర్చు పెట్టాల్సిన మొదటి చోటు ఇదే. గాజు వేడి 500 ఫారెన్‌హీట్ దాటగలదు. ఏడాదిన్నర పిల్లాడి కళ్ల ఎత్తులోనే మంట ఆడుతుంటుంది, వాడు రెండు అరచేతులూ ఆనించి చూస్తాడు. కాలినా చెయ్యి వెంటనే వెనక్కి తీసుకోవడం ఆ వయసు వాళ్లకి చేతకాదు. ఆపేసిన తరువాత కూడా చాలాసేపు గాజు కాలుతూనే ఉంటుంది, మంట లేదు కదా అని పెద్దవాళ్లు ఏమరుపాటుగా ఉండేది అప్పుడే. ఈ ప్రమాదాల వల్లే 2015 జనవరి 1 నుంచి తయారయ్యే వాటికి, గాజు వేడి 172 ఫారెన్‌హీట్ దాటేట్టయితే ముందు రక్షణ జాలీ ఉండాలని నియమం వచ్చింది. మీది 1998ది, కాబట్టి ఉండదు. మీ మోడల్‌కి జాలీ దొరుకుతుందేమో కంపెనీని అడగండి. దొరకకపోతే ఫైర్‌ప్లేస్ చుట్టూ గోడకి బిగించే పిల్లల కంచె కొనండి. ఊరికే నిలబెట్టే తెర పనికిరాదు, వాడు పట్టుకుని లాగితే మీద పడుతుంది. అనుకోకుండా చెయ్యి కాలితే కుళాయి కింద చల్లని నీళ్లు 20 నిమిషాలు పోస్తూ ఉండి డాక్టర్ దగ్గరికి తీసుకెళ్లాలి. పసుపు, టూత్‌పేస్ట్, ఐసు ఏవీ పెట్టకూడదని అత్తయ్యగారికి ముందే చెప్పి ఉంచండి. దసరాకి ఫైర్‌ప్లేస్ ముందు మెట్లు కట్టి బొమ్మల కొలువు పెట్టే అలవాటు ఉంటే ఆ రోజులన్నీ పైలట్ కూడా ఆపేసి ఉంచాలి.

కార్బన్ మోనాక్సైడ్ అలారం ఇల్లినాయ్‌లో 2007 నుంచి చట్టం, ప్రతి పడకగదికి 15 అడుగుల లోపు ఉండాలి. మీ ఇంట్లో ఉండే ఉంటుంది, కానీ ఇంటి పాత యజమానులు పెట్టిందే అయితే వెనక తయారీ తేదీ చూడండి. అవి ఏడు నుంచి పదేళ్లకి పనికిరాకుండా పోతాయి, బటన్ నొక్కితే మోగినంత మాత్రాన సరిపోదు. అత్తయ్యగారు వాళ్లు పడుకునే గది కింద బేస్‌మెంట్‌లో అయితే అక్కడ ఒకటి కొత్తది పెట్టండి. అందరికీ ఒకేసారి తలనొప్పి, వాంతి వచ్చేట్టు ఉండటం, బయటికి వెళ్తే తగ్గడం జరిగితే అది ప్రయాణం అలసట అనుకోకుండా ఇల్లు ఖాళీ చేయాలని వాళ్లకి చెప్పండి.

గ్యాస్ వాసన విషయం కూడా. గుంటూరులో సిలిండర్ అలవాటు ఉన్నవాళ్లు వాసన వస్తే రెగ్యులేటర్ తిప్పి, కిటికీలు తీసి, ఎక్కడ లీకవుతోందో వెతుకుతారు. ఇక్కడ గ్యాస్ వచ్చేది గోడలోని పైపులోంచి. వెతకొద్దు, ఏ స్విచ్చూ వేయొద్దు, ఆపొద్దు, బాబుని ఎత్తుకుని బయటికి వచ్చేసి అక్కడి నుంచి 911కో గ్యాస్ కంపెనీకో ఫోన్ చేయాలి. పెద్ద వయసులో వాసన పసిగట్టే శక్తి తగ్గుతుంది కాబట్టి మామయ్యగారికి తెలియకపోవచ్చు, మీరు ఇంట్లో లేనప్పుడు ఫైర్‌ప్లేస్ వేయొద్దని మర్యాదగా చెప్పడం తప్పేమీ కాదు.

ఎవర్ని పిలవాలంటే, నేషనల్ ఫైర్‌ప్లేస్ ఇన్‌స్టిట్యూట్, అదే ఎన్‌ఎఫ్‌ఐ, గ్యాస్ సర్టిఫికెట్ ఉన్నవాళ్లని వెతకండి. అమ్మకం మీద కమీషన్ లేని, సర్వీసు మాత్రమే చేసే మనిషి దొరికితే ఇంకా మంచిది. అక్టోబర్‌లో మొదటి చలి పడగానే వాళ్లందరికీ తీరిక ఉండదు, అందుకని ఈ వారమే అపాయింట్‌మెంట్ తీసుకోండి. వచ్చిన మనిషి చేత కట్టెలు మాన్యువల్ ప్రకారం పెట్టించి, సీలు చూపించి, ఫైర్‌బాక్స్ లోపల లైటు వేసి నాలుగు పక్కలా చూసి ఏముందో రాసివ్వమనండి. పని అయ్యాక కాసేపు వెలిగించి, గాజు ముందు కార్బన్ మోనాక్సైడ్ మీటరు పెట్టి చూపించమనండి. మంచు ఎక్కువగా పడిన రోజుల్లో బయటి గోడ డబ్బాని మంచు కప్పేస్తుందేమో చూసి తీసేయడం మాత్రం మీ పనే. ఫైర్‌బాక్స్ గురించి ఆయన ఏం రాసిచ్చారో, రీడింగ్ ఎంత వచ్చిందో నాకు మళ్లీ రాయండి. పెట్టె పాడైందని తేలితే ఆ 7,800 కోట్ కూడా పంపండి, అందులో ఏం తక్కువైందో కలిసి చూద్దాం.